సేట్ల వకీలును చెప్తున్న: కూలోళ్ల కేసు ఓడేది కోర్టుల కాదు

ఇరవై రెండేండ్లు సేట్ల తరఫున వాదించిన. జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, కంకర క్రషర్లు, లారీ ఓనర్లు, వాళ్లకు పాలసీలు ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీలు.. వీళ్లే నా క్లయింట్లు. పనిల చెయ్యి పోయినోడో, మొగడు సచ్చిపోయిన ఆడామెనో లేబర్ ఆఫీసుల పరిహారం కేసు వేస్తే, ఆ కేసుకు అడ్డం నిలబడే వకీలును నేను. మా దిక్కు దీన్ని ‘డబ్ల్యూసీ కేసు’ అంటరు. 1923ల వచ్చిన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టానికి 2010ల ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అని పేరు మారింది గాని, ఆఫీసు గుమాస్తాల నోట్ల నుంచి పాత పేరు పోలే.

పోయినేడు ఆ పని బంద్ జేసిన. ఊర్ల పోరగాళ్లు కలిస్తే ఒకటే అడుగుతరు: ‘సార్, సేటుకు పైసలుంటయ్, పెద్ద వకీలును పెట్టుకుంటడు, అందుకే గెలుస్తడు గదా?’ అని. అది సగమే నిజం. నేను కోర్టుల గట్టిగ వాదించి గెలిచిన కేసులు చేతి వేళ్ల మీద లెక్క పెట్టచ్చు. మిగిలినయ్ నా టేబుల్ మీదికి ఫైల్ వచ్చేటప్పటికే గెలిచి ఉండేటియి. ప్రమాదం అయినంక మొదటి పది పదిహేను రోజుల్ల ఏ కాగితం పుట్టింది, ఏ కాగితం పుట్టలే అన్న దాంట్లనే అంతా అయిపోయేది.

ముందుగాల చట్టం ఏమంటదో చెప్త. మస్తు మందికి తెల్వని ముచ్చట ఏందంటే, ఈ కేసుల సేటు తప్పు జేసిండని కూలోడు నిరూపించే పనే లేదు. పని వల్ల, పని టైముల ప్రమాదం అయితే చాలు, యజమాని పైసలు కట్టాలె. ‘వాడు సోయి లేకుండ చెయ్యి పెట్టిండు సార్’ అని సేటు నా ముందట ఎంత మొత్తుకున్నా, చట్టంల దానికి విలువ లేదు. తాగి ఉన్నడు, కావాలనే రూల్ తప్పిండు, మిషన్ గార్డు తీసేసిండు.. ఈ మూడు సాకులు చట్టంల ఉన్నయ్ గాని, అవి చిన్న దెబ్బలకే పనికొస్తయ్. మనిషి సచ్చిపోయినా, మళ్ల ఏ పనీ చేయలేనంతగా పడిపోయినా ఆ సాకులు నడవయ్. ఈ సంగతి నాకు తెలుసు, సేటుకు తెలుసు. అయినా ‘నీ మొగడు తాగి ఉన్నడమ్మా, నీకు ఒక్క రూపాయి రాదు’ అని ఊర్ల చెప్పి పంపుతరు. ఆమె నమ్ముతది. కేసే పడదు. పడని కేసు కంటే మంచి గెలుపు మా వకీళ్లకు లేదు.

ఇగ లెక్క. పైసలు ఎంత వస్తయన్నది జడ్జి మనసు మీద ఉండదు, ఒక లెక్క మీద ఉంటది. మనిషి చనిపోతే నెల జీతంల సగం తీసుకొని, వయసును బట్టి చట్టంల రాసి ఉన్న అంకెతోని గుణిస్తరు. శాశ్వతంగా మొత్తం పడిపోతే సగం కాదు, 60 శాతం. 25 ఏండ్ల పిలగానికి ఆ అంకె 216.91. నెలకు 12 వేలు సంపాదించే పిలగాడు చనిపోతే 6 వేలు గుణించు 216.91, అంటే 13,01,460 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, దవాఖాన ఖర్చు వేరే. జీతం ఎంతున్నా లెక్కల పట్టేది 15 వేల దాకానే, అది 2020 జనవరి నుంచి. అంతకు ముందు పదేండ్లు 8 వేలే ఉండె.

ఇప్పుడు నా పని ఏందో చూడండ్రి. అదే పిలగాని జీతం 12 వేలు కాదు, 6 వేలే అని నేను రుజువు చేస్తే పరిహారం 6,50,730కి పడిపోతది. ఒక్క మాట వాదించకుండ సగం పైసలు మిగిలినయ్. మిల్లుల జీతాల రిజిస్టర్ ఎవరి చేతుల ఉంటది? సేటు చేతుల. జీతం చేతికి 12 ఇస్తరు, రిజిస్టర్ల 6 రాస్తరు, కింద కూలోని సంతకం ఉంటది. క్రాస్ ఎగ్జామినేషన్ల నేను అడిగేది ఒకటే ప్రశ్న: ‘ఈ సంతకం నీ తమ్మునిదేనా?’ అవునంటరు. అంతే, కూసుంటా. వయసు కాడ కూడ ఇదే కథ. ఆధార్ల ఒకటి, బడి సర్టిఫికెట్ల ఒకటి ఉంటే ఎక్కువ వయసున్న దాన్ని ముందట పెడ్తా. 35 ఏండ్లకు ఆ అంకె 197.06. అదే 12 వేల జీతానికి, 25 ఏండ్లోన్ని 35 జేస్తే లక్షా 19 వేలు తగ్గుతది.

రిజిస్టర్ కంటే పెద్ద ఆయుధం ఇంకోటుండె: ‘వీడు మా మనిషే కాదు.’ నేను వేసిన కౌంటర్లల్ల సగానికి మొదటి వాక్యం ఇదే. కూలీని మేస్త్రి తెచ్చిండు, మేస్త్రి ఎవరో మాకు తెల్వదు, మాకు వానికి సంబంధం లేదు. నిజానికి పాత చట్టంల 12వ సెక్షన్ ఉండె. కంట్రాక్టర్ కింద చేసినా అసలు యజమానే ముందు కట్టాలె, తర్వాత ఆయన కంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటడు. కాని ఆ మనిషి ఆ మిల్లుల పనిచేసిండని అయితే చూపెట్టాలె గదా. హాజరు కార్డు లేదు, ఐడీ లేదు, తోటి కూలోళ్లు సాక్ష్యం చెప్పనీకి రారు. వస్తే రేపు పని ఉండదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చినోళ్లయితే సీజన్ అయిపోంగనే ఊరికి పోతరు, సాక్షులను యాడికెల్లి తెస్తరు?

ఒక ఐదారేండ్ల నుంచి ఈ వాదం జర బలహీనపడ్డది. దానికి కారణం ఏ కొత్త చట్టమో కాదు, ఫోన్‌పే. శనివారం శనివారం కూలి పైసలు సూపర్‌వైజర్ నంబర్ నుంచి పడ్తున్నయ్. వాట్సాప్ గ్రూపుల ‘రేపు నైట్ షిఫ్ట్ ఎవరెవరు’ అని మెసేజ్ ఉంటది. మిషన్ ముందట నిలబడి దిగిన ఫొటో ఇన్‌స్టాల ఉంటది. ఒక కేసుల నేను ‘మా మనిషి కాదు’ అని పది నిమిషాలు చెప్పినంక, ఎదుటి వకీలు పద్నాలుగు నెలల పేమెంట్ల స్టేట్‌మెంట్ తీసి టేబుల్ మీద పెట్టిండు. ఆ రోజు సేటు నా మొకం చూడలే. అందుకే ప్రమాదమైన మనిషి ఫోన్‌ను ఊకనే ఫార్మాట్ కొట్టకుండ్రి, అమ్మకుండ్రి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే మేము ‘తయారు చేసిన్రు’ అంటం. అసలు ఫోన్ చేతుల ఉంటే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇయ్యాల్సిన సర్టిఫికెట్ జత చేస్తే, మేము అట్ల అనలేం.

దవాఖాన సంగతి అన్నిటికంటే ముఖ్యం. మిషన్ల చెయ్యి పడంగనే సేటు కారుల ఎక్కించుకొని తెలిసిన ప్రైవేట్ నర్సింగ్ హోముకు తీస్కపోతడు. ఇంట్లోళ్లు ‘సేటు మంచోడు, సొంత కారుల తీస్కపోయిండు’ అంటరు. ఒక్కోసారి నిజంగనే మంచితనం ఉంటది, కాదనను. కాని అక్కడ కౌంటర్ కాడ పేరు రాయించేది సేటు మనిషే. ఎట్ల తాకింది అని డాక్టర్ అడిగితే ‘బండి మీదికెల్లి పడ్డడు’ అని చెప్తడు. పోలీసులకు పోకుండ, మెడికో లీగల్ కేసు కాకుండ. ఆ ఒక్క లైన్ కేస్ షీట్ల పడ్డదా, రెండేండ్ల తర్వాత నాకు అది బంగారం. జిన్నింగ్ మిషన్ల వేళ్లు నలిగిపోయిన ఒకాయన కేసుల నేను అదే కాగితం చూపిచ్చి గెలిచిన. నలిగిన తీరు చూస్తే అది బండి మీదికెల్లి పడ్డ దెబ్బ కాదని చిన్న పిలగానికైనా తెలుస్తది. కాగితం మాత్రం అట్ల చెప్పలే.

కాబట్టి తమ్మీ, చెల్లే, మీ ఇంటోళ్లకు ఇట్లాంటిది అయితే దవాఖాన కాడ మీరే మాట్లాడండ్రి. ఏ మిల్లు, ఏ మిషన్, ఎన్ని గంటలకు.. డాక్టర్‌తోని రాయించండ్రి. మెడికో లీగల్ కేసు పెట్టమని అడగండ్రి. పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండ్రి. మరణమైతే పంచనామాల, ఎఫ్ఐఆర్ల పని చేసే జాగ పేరు ఉన్నదో లేదో చదివి చూసినంకనే సంతకం పెట్టండ్రి.

ఇగ పంచాయితీ. నేను బంద్ జేసిన ముచ్చట కూడ ఇక్కడ్నే ఉన్నది.

2015ల ఒక క్రషర్ల 30 ఏండ్ల మనిషి కన్వేయర్ బెల్టుల చిక్కి సచ్చిపోయిండు. శవాన్ని గేటు ముందట పెట్టి ఊరోళ్లు కూసున్నరు. సాయంత్రానికి పెద్దమనుషులు కూడిన్రు. సేటు నాకు ఫోన్ జేసి ‘వకీల్ సాబ్, కాగితం రాసి పంపు’ అన్నడు. రాసిన. లక్షా యాభై వేలు ముట్టినయ్, ఇకముందు ఎట్లాంటి క్లెయిమ్ లేదు, ఇది మా ఇష్టపూర్తిగా రాసిచ్చినం.. అని బాండు పేపర్ మీద. ఆయన భార్య వేలిముద్ర వేసింది. పక్కన నలుగురు పెద్దమనుషుల సంతకాలు.

ఆ కాగితం చెల్లదని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. చనిపోయిన కేసుల పరిహారం పైసలు కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలె, నేరుగా ఇంటోళ్ల చేతుల పెడితే చట్టం దాన్ని పరిహారంగా చూడదు. పాత చట్టం 8వ సెక్షన్ల సాఫ్‌గా ఉండె. హక్కు వదులుకుంటున్న అని కూలోడు రాసిచ్చినా అది చెల్లదని 17వ సెక్షన్ల ఉండె. మరి నేను ఎందుకు రాసిన? ఆ కాగితం కోర్టు కోసం కాదు, ఆమె కోసం. నాకు ఇంక హక్కు లేదు అని ఆమె అనుకోవాలె. అందుకు.

అప్పటి లెక్క ప్రకారం 8 వేల జీతం పట్టుకున్నా ఆమెకు 8,31,920 రావాలె.

ఆమె రెండున్నర ఏండ్లు అట్లనే అనుకున్నది. ఎవరో చెప్తే ఆమె తమ్ముడు కేసు వేయించిండు. ఆ చట్టంల రెండేండ్ల లోపు వేయాలె. ఆలస్యమైతే సరైన కారణం చెప్పి మాఫీ అడగచ్చు, చదువురాని ఆడామె మీద కమిషనర్లు మామూలుగా దయ చూపుతరు. కాని ఆమె వకీలు ఆలస్యానికి కారణం చెప్పే పిటిషనే వేయలే. నేను లేచి అదొక్కటే పాయింట్ చెప్పిన. కేసు కొట్టేసిన్రు.

ఆర్డర్ కాపీ ఇచ్చిన రోజు ఆమె వకీలు వేరే కోర్టుకు పోయిండు. ఆమె లేబర్ ఆఫీసు వరండాల నిలబడి ఉన్నది. నల్ల కోటు చూసి నా దగ్గరికే వచ్చి ‘సారూ, జర ఇది సదివి చెప్పవా’ అని కాగితం ఇచ్చింది. నేను ఎదుటి వకీలునని ఆమెకు గుర్తు లేదో, గుర్తున్నా ఇంక ఎవరూ దొరకలేదో. సదివిన. ‘కేసు పోయిందమ్మా, లేటు అయిందని’ అన్న. ‘గా పెద్దమనుషుల కాగితం తప్పని ముందే చెప్పి ఉంటే లేటు ఎందుకైతుండె సారూ’ అన్నది. తిట్టలే. అడిగిందంతే. అరవై రోజుల్ల హైకోర్టుకు పోవచ్చని నాకు తెలుసు. చెప్పలే. ఎదుటి పార్టీకి సలహా ఇచ్చుడు వకీలు పని కాదు. ఆ రూల్ సరైనదే, నేను ఇప్పటికీ తప్పనను. ఆ రోజు రాత్రి మాత్రం అన్నం పోలే.

తెల్లారే బంద్ జేసిన అంటే అబద్ధం అయితది. ఇంక ఐదేండ్లు చేసిన. ఇంటి లోన్ ఉండె, బిడ్డ చదువు ఉండె.

సేట్లందరూ రాక్షసులని రాస్తే మీకు బాగనే అనిపిస్తది గాని, అది నిజం కాదు. నా క్లయింట్లల్ల మూడెకరాల రైతు ఒకాయన ఉండె. సొంత ట్రాక్టర్ల పత్తి ఏరనీకి కూలోళ్లను ఎక్కించుకొని పోతుంటే ట్రాలీ తిరగబడ్డది. పాలసీల కూలోళ్ల కోసం అదనపు ప్రీమియం కట్టలే, అట్లాంటిది ఒకటి ఉంటదని కూడ ఆయనకు తెల్వదు. ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేసింది. ఆ కేసుల దెబ్బ తాకినోళ్లు, కట్టాల్సినోడు ఇద్దరూ బీదోళ్లే. ట్రాక్టర్ ఉన్నోళ్లు ఇది చదువుతుంటే పోయి పాలసీ కాగితం తీసి చూసుకోండ్రి. దొంగ కేసులు కూడ చూసిన. సొంత బైకు మీద పడి కాలు ఇరగ్గొట్టుకున్నోన్ని లారీ క్లీనర్ అని తెచ్చి నిలబెట్టిన్రు. అట్లాంటివి ఆపినందుకు నాకు ఏ బాధా లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీలు ఎందుకు సాగదీస్తయో ఒక్క మాట. ప్రమాదం అయిన నెల లోపు పైసలు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడ్తది, కారణం లేకుండ ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ వేయచ్చు. 1997ల సుప్రీంకోర్టు చెప్పిందేందంటే, అసలు, వడ్డీ కంపెనీ కట్టాలె, పెనాల్టీ మాత్రం ఓనరే సొంతంగ కట్టుకోవాలె. అంటే లేటైనకొద్దీ భయపడాల్సింది సేటు. మీ వకీలు పిటిషన్ల పెనాల్టీ అడగకపోతే ఆ భయం ఉండదు. మా దిక్కు వేసే పిటిషన్లల్ల మస్తు వాటిల్ల ఆ లైనే ఉండకపోయేది. నేను చూసి మెల్లగ నవ్వుకునేటోన్ని.

వైకల్యం లెక్క కూడ అంతే. చట్టంల ఒక పట్టిక ఉన్నది: బొటన వేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50, చెయ్యి పోతే 60. నేను ఆ పట్టిక పట్టుకొని ‘ఇంతకు మించి ఇయ్యొద్దు’ అనేటోన్ని. కాని 1975 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసుల తీర్పిచ్చింది. సినిమా హాలు పనిల పడి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది. పట్టిక ప్రకారం అయితే 70 శాతమే. ఒక్క చేతితోని వడ్రంగి పని అయితదా? కాదు. అందుకని మొత్తం సంపాదన పోయినట్టే లెక్క కట్టిన్రు. చేసే పనిని బట్టి చూడాలె అన్నది ఆ తీర్పు. పట్టికల లేని దెబ్బలకైతే సంపాదన శక్తి ఎంత పోయిందో డాక్టర్ చెప్పాలె. శరీరం ఎంత శాతం దెబ్బతిన్నదో చెప్పుడు వేరు, పని ఎంత శాతం పోయిందో చెప్పుడు వేరు. మీ డాక్టర్ సర్టిఫికెట్ల రెండోది ఉన్నదో లేదో చూడండ్రి. లేకపోతే ఎదుట కూసున్న నాసొంటోడు అక్కడ్నే పట్టుకుంటడు.

ఇంకొన్ని సంగతులు తొందరగ చెప్త. కేసు ప్రమాదం అయిన జిల్లాలనే వేయాలె అనేం లేదు. బాధితుని ఇంటోళ్లు ఉండే దిక్కు కూడ వేయచ్చు. ఆదిలాబాద్ మనిషి పటాన్‌చెరుల చనిపోతే ఇంటోళ్లు తిప్పలపడి అటు దాకా తిరగొద్దు. ఫ్యాక్టరీల ఈఎస్ఐ కోత ఉంటే డబ్ల్యూసీ కేసు నడవదు, ఈఎస్ఐ ఆఫీసు నుంచే పెన్షన్ రావాలె, అది వేరే దారి. లారీ డ్రైవర్ చనిపోతే మోటార్ ట్రిబ్యునల్‌కు పోవాల్నా, లేబర్ ఆఫీసుకు పోవాల్నా ఒకటే ఎంచుకోవాలె. డ్రైవర్‌దే తప్పని పోలీసులు రాస్తే లేబర్ ఆఫీసే నయం, అక్కడ తప్పు ఎవరిదని అడగరు. పనిల పెట్టుకునేటప్పుడే ‘ప్రమాదమైతే నీకు ఈ హక్కు ఉన్నది’ అని కాగితం రాసియ్యాలని 2017ల సవరణ వచ్చింది. ఇయ్యకపోతే పాత చట్టం కింద 50 వేల నుంచి లక్ష దాకా జరిమానా ఉండె. నా సర్వీసుల ఒక్క సేటు కూడ ఆ కాగితం ఇచ్చింది నేను చూడలే. ఇమ్మని నేను చెప్పింది కూడ లేదు.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం పోయి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. లెక్క కట్టే తీరు అదే. ఇంటికెల్లి పనికి పోతూ వస్తూ దారిల ప్రమాదమైనా, పనితోని దానికి సంబంధం ఉంటే వర్తిస్తదని కొత్త దాంట్ల రాసిన్రు. అదే ఏడాది జులైల సుప్రీంకోర్టు కూడ పాత చట్టం కింద ఇదే మాట అన్నది. మహారాష్ట్రల ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003ల తెల్లారుజామున డ్యూటీకి పోతూ దారిల చనిపోయిండు. తీర్పు వచ్చేటప్పటికి ఇరవై రెండేండ్లు అయింది. నేను ఈ పని చేసింది కూడ అన్ని ఏండ్లే.

ఇప్పుడు ఇటు దిక్కు కూసుంటున్న. ఆదివారం మండలంల ఒక జిరాక్స్ సెంటర్ వెనుక రూముల ఉంటా. వచ్చినోళ్లను మొదలు అడిగేది దవాఖాన కాగితం, తర్వాత ఫోన్. పోయిన నెల ఒక రైస్ మిల్లు హమాలీ కేసు వేసిన. మొన్న ఎదుటి పార్టీ కౌంటర్ వచ్చింది. వేసింది నా దగ్గర ఆరేండ్లు జూనియర్‌గ చేసిన పిలగాడే. తీసి చదివిన. మొదటి వాక్యం నేను నేర్పిందే, ఒక్క అక్షరం మారలే: దరఖాస్తుదారు మా వద్ద ఎన్నడూ పని చేయలేదు.